డీయూఐ, రెక్‌లెస్ డ్రైవింగ్ కేసు తర్వాత అమెరికాలో కారు ఇన్సూరెన్స్ ఖర్చు తగ్గించుకోవడం: సమగ్ర మార్గదర్శి

తాగి బండి నడిపి పట్టుబడటం (డీయూఐ, కొన్ని రాష్ట్రాల్లో డీడబ్ల్యూఐ), రెక్‌లెస్ డ్రైవింగ్ (ప్రమాదకరమైన నిర్లక్ష్యంతో నడపడం), లైసెన్స్ సస్పెండ్ అయి ఉండగా స్టీరింగ్ పట్టుకోవడం, యాక్సిడెంట్ చేసి ఆగకుండా వెళ్లిపోవడం. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు ‘మేజర్ వయొలేషన్’ కింద లెక్కవేసేవి ప్రధానంగా ఇవి. మామూలు స్పీడింగ్ టికెట్‌కీ వీటికీ పోలికే లేదు. వీటిలో ఒక్కటి రికార్డుకెక్కినా ప్రీమియం రెట్టింపు కావచ్చు, అంతకన్నా ఎక్కువా కావచ్చు. ఉన్న కంపెనీ రెన్యువల్ ఇవ్వననీ అనవచ్చు.

ఆ బిల్లు చూడగానే చాలామంది చేసే మొదటి పని కవరేజ్ తగ్గించుకోవడం. అది చివర్లో, అదీ ఆచితూచి చేయాల్సిన పని. డబ్బు నిజంగా మిగిలేది నాలుగు చోట్ల: కోర్టులో రికార్డుకి ఏ నేరం ఎక్కుతుంది, పాలసీలో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా చూసుకోవడం, మీలాంటి రికార్డును తక్కువ ధరకు తీసుకునే కంపెనీని వెతికి పట్టుకోవడం, శిక్ష గడువు తీరే తేదీలను మర్చిపోకుండా ఆ రోజుకి మళ్లీ బేరం మొదలుపెట్టడం. ఈ వరుసలోనే వెళ్దాం.

ముందు, బిల్లు ఎందుకు పెరుగుతుందో

పెరుగుదల ఒకేచోట నుంచి రాదు. మొదటిది, ఆ నేరానికి కంపెనీ వేసే సర్‌చార్జ్, అంటే ప్రీమియం మీద అదనపు వడ్డన. ప్రతి కంపెనీ తన రేటు పట్టికను రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు సమర్పిస్తుంది, ఎవరి పట్టిక వాళ్లదే. అందుకే ఒకే డీయూఐకి ఒక కంపెనీ కొంచెం పెంచితే, ఇంకో కంపెనీ తట్టుకోలేనంత పెంచుతుంది. రెండోది, ఇన్నాళ్లూ తెలియకుండానే అందుతున్న డిస్కౌంట్లు పోవడం. కాలిఫోర్నియాలో ‘గుడ్ డ్రైవర్ డిస్కౌంట్’ కనీసం 20 శాతం. డీయూఐ పడితే అది 10 ఏళ్ల పాటు రాదు. సర్‌చార్జ్ కన్నా ఈ దెబ్బే ఎక్కువ కాలం ఉంటుంది. మూడోది, మంచి రికార్డు ఉన్నవాళ్లకే అమ్మే కంపెనీ నుంచి ‘నాన్-స్టాండర్డ్’ కంపెనీకి మారాల్సి రావడం. నాలుగోది, నెలవారీ వాయిదా ఫీజులు, ఏజెంట్ ఫీజుల వంటి చిల్లర ఖర్చులు. వీటి గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

మామూలు టికెట్లను కంపెనీలు సాధారణంగా 3 ఏళ్ల వెనక్కి చూస్తాయి, మేజర్ వయొలేషన్లను చాలాచోట్ల 5 ఏళ్ల వెనక్కి. మసాచుసెట్స్‌లో 6 ఏళ్లు. డీఎంవీ (లైసెన్సులు, డ్రైవింగ్ రికార్డులు చూసే రాష్ట్ర శాఖ) రికార్డులో ఆ నేరం ఎన్నేళ్లు కనిపిస్తుందన్నది వేరే లెక్క. వర్జీనియాలో రెక్‌లెస్ డ్రైవింగ్ 11 ఏళ్లు రికార్డులో ఉంటుంది, అంతమాత్రాన కంపెనీ 11 ఏళ్లూ సర్‌చార్జ్ వేస్తుందని కాదు. ఈ రెండు గడువులనూ కలిపేసుకుని, ‘ఇంక దశాబ్దం దాకా ఇంతే’ అని వెతకడం మానేసేవాళ్లు అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటున్నారు.

కోర్టు తేదీకి ముందు: అసలు పొదుపు ఇక్కడే

అరెస్టు వల్ల కాదు, ఎక్కువగా కన్విక్షన్ (కోర్టు దోషిగా తేల్చడం) వల్లే ప్రీమియం పెరుగుతుంది. అంటే పోలీసు రాసిన నేరం కన్నా చివరికి కోర్టు రికార్డుకెక్కించే నేరం ముఖ్యం. ‘నేను తప్పు చేశాను, కట్టేస్తాను’ అని జరిమానా ఆన్‌లైన్‌లో కట్టేస్తే నేరం ఒప్పుకున్నట్టే. ఆ జరిమానా కొన్ని వందల డాలర్లు కావచ్చు, దాని వెనకాల ఇన్సూరెన్స్ రూపంలో వచ్చేది కొన్ని వేల డాలర్లు. లాయర్ ఫీజు ఎక్కువనిపించినప్పుడు దాన్ని జరిమానాతో కాకుండా మూడు నుంచి ఐదేళ్ల ప్రీమియం పెరుగుదలతో పోల్చి చూడండి.

డీయూఐ కేసులో రెండు దారులు పక్కపక్కనే నడుస్తాయి: ఒకటి క్రిమినల్ కోర్టు, ఇంకొకటి లైసెన్స్ సస్పెన్షన్ మీద డీఎంవీ విచారణ. రెండోదానికి గడువు చాలా తక్కువ. కాలిఫోర్నియాలో, ఫ్లోరిడాలో 10 రోజుల్లోపు, టెక్సస్‌లో 15 రోజుల్లోపు, జార్జియాలో 30 రోజుల్లోపు విచారణ కోరాలి. కోర్టు తేదీ ఇంకా నెల ఉంది కదా అని ఊరుకుంటే ఈ గడువు దాటిపోయి, వాదించుకునే అవకాశం లేకుండానే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. సస్పెన్షన్ ఇన్సూరెన్స్ ధరను విడిగా పెంచుతుంది.

నేరాన్ని తగ్గించుకునే దారులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో తరచూ ఎదురయ్యేవి చూద్దాం.

వర్జీనియాలో స్పీడ్ లిమిట్ కన్నా 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా, లిమిట్ ఎంతున్నా 85 మైళ్లు దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగే. టికెట్‌లా కనిపించే క్లాస్ 1 మిస్‌డెమీనర్, అంటే క్రిమినల్ నేరం. చట్టప్రకారం 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. మామూలు స్పీడింగ్ అనుకుని కోర్టుకు వెళ్లకుండా ఉండిపోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. కోర్టు తేదీకి ముందే 8 గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ పట్టుకెళ్లడం, మెకానిక్ షాపులో స్పీడోమీటర్ కాలిబ్రేషన్ చేయించి ఆ కాగితం చూపించడం ఇక్కడ బాగా పనికొచ్చే పద్ధతులు. స్పీడోమీటర్ నిజంగానే తక్కువ చూపిస్తోందని తేలితే, ఆ తేడాను జడ్జి పరిగణనలోకి తీసుకోవచ్చు. రెక్‌లెస్ కాస్తా మామూలు స్పీడింగ్‌గానో ‘ఇంప్రాపర్ డ్రైవింగ్’గానో మారితే ఇన్సూరెన్స్‌లో తేడా చాలా పెద్దది.

కాలిఫోర్నియాలో డీయూఐని ‘వెట్ రెక్‌లెస్’గా తగ్గించే ఒప్పందాలు ఉంటాయి. శిక్ష తగ్గుతుంది కానీ, మద్యం ప్రస్తావన రికార్డులో ఉండిపోతుంది, డీఎంవీ రికార్డులో నేరానికి వేసే పాయింట్లు డీయూఐకి పడినట్టే రెండు పడతాయి, చాలా కంపెనీలు దాన్ని మేజర్‌గానే చూస్తాయి. మద్యం మాట లేని ‘డ్రై రెక్‌లెస్’ దొరికితే ఇంకా మేలు. ఆ రాష్ట్రంలో ట్రాఫిక్ స్కూల్‌తో దాచుకోగలిగేది ఒక పాయింట్ టికెట్లను మాత్రమే, అదీ 18 నెలలకొకసారి. రెండు పాయింట్ల నేరాలకు ఆ సదుపాయం లేదు. ఇంకో మాట: శిక్షాకాలం పూర్తయ్యాక కేసును ఎక్స్‌పంజ్ చేయించుకుంటే (కోర్టు ద్వారా కొట్టేయించుకుంటే) ఇన్సూరెన్స్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కాలిఫోర్నియాలో అది కోర్టు రికార్డుకు సంబంధించిన ఊరట, డీఎంవీ రికార్డును తాకదు. ఉద్యోగాల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి పనికొస్తుంది కానీ ప్రీమియానికి కాదు.

టెక్సస్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సుతో టికెట్ కొట్టేయించుకోవచ్చు, కానీ లిమిట్ కన్నా 25 మైళ్లు లేదా అంతకుమించి వెళ్తే ఆ దారి మూసుకుపోతుంది. జార్జియాలో ‘నోలో కంటెండరే’ (నేరం ఒప్పుకోకుండా, కాదనకుండా శిక్షకు అంగీకరించడం) అనే వాదనను ఐదేళ్లకొకసారి వాడుకుని పాయింట్లు పడకుండా చూసుకోవచ్చు, డీయూఐకి మాత్రం అది రక్షణ కాదు. మసాచుసెట్స్‌లో ‘కంటిన్యూడ్ వితౌట్ ఎ ఫైండింగ్’ కింద కేసు ముగిస్తే నేరం రుజువు కానట్టే అనిపిస్తుంది. ఇన్సూరెన్స్ లెక్కలో మాత్రం అది కన్విక్షన్‌తో సమానం.

హెచ్1బీ, ఎఫ్1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఇంకో అడుగు వేయాలి. డీయూఐ అరెస్టు ఒక్కటే చాలు, కన్విక్షన్ లేకపోయినా పాస్‌పోర్టులో ఉన్న వీసాను విదేశాంగ శాఖ రద్దు చేయవచ్చు. క్రిమినల్ లాయర్ తెచ్చిన ఒప్పందానికి ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించండి. ఇన్సూరెన్స్‌కి మంచిదనిపించిన ఒప్పందం ఇమ్మిగ్రేషన్‌కి చెడ్డది కావచ్చు. అలాంటప్పుడు రెండో దానికే ప్రాధాన్యం ఇవ్వాలి.

రికార్డు మీ చేతికి తెచ్చుకోండి

కేసు ముగిసిన కొద్ది వారాలకు మీ రాష్ట్ర డీఎంవీ నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీలు ఎంవీఆర్ అని పిలిచేది దీన్నే. చాలా రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లో చిన్న ఫీజుతో వస్తుంది. చూడాల్సినవి: నేరం పేరు ఒప్పందంలో కుదిరినదేనా, లేక మొదట పోలీసు రాసిందే ఉండిపోయిందా, వయొలేషన్ తేదీ, కన్విక్షన్ తేదీ, సస్పెన్షన్ ముగిసినట్టు నమోదైందా. కోర్టు గుమాస్తా పాత నేరం కోడ్‌నే డీఎంవీకి పంపడం జరుగుతుంటుంది. అలా జరిగితే కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీతో సరిచేయించుకోవాలి. ఇది కొటేషన్లు అడగడానికి ముందే జరగాలి.

దీంతోపాటు లెక్సిస్‌నెక్సిస్ అనే డేటా సంస్థ నుంచి ‘క్లూ’ రిపోర్టు కూడా అడగండి. ఇందులో గత 7 ఏళ్ల క్లెయిములు ఉంటాయి. ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాదికోసారి ఉచితం. వయొలేషన్ రోజున యాక్సిడెంట్ కూడా జరిగి ఉంటే, తప్పు ఎవరిదని రాశారో, ఎంత చెల్లించారో ఇందులో తెలుస్తుంది.

ఎస్‌ఆర్-22: ఖాళీ లేకుండా నిలబెట్టుకోవడం

ఎస్‌ఆర్-22 ఇన్సూరెన్స్ పాలసీ కాదు. ఇలాంటి కేసుల తర్వాత రాష్ట్రం అడిగితే, ‘ఈ మనిషికి కనీస లయబిలిటీ కవరేజ్ (ఎదుటివాళ్లకు చేసిన నష్టానికి చెల్లించేది) ఉంది’ అని మీ కంపెనీ రాష్ట్రానికి పంపే ధ్రువపత్రం. దాఖలు ఫీజు సాధారణంగా 15 నుంచి 50 డాలర్లే. ‘ఎస్‌ఆర్-22 ఇన్సూరెన్స్ చాలా ఖరీదు’ అనే మాటలో పొరపాటు ఉంది. ఖరీదు వచ్చేది దాని వెనకున్న కన్విక్షన్ వల్ల.

ఎంత కాలం ఉండాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల 3 ఏళ్లు. టెక్సస్‌లో కన్విక్షన్ తేదీ నుంచి 2 ఏళ్లు. ఫ్లోరిడాలో డీయూఐ అయితే ఎస్‌ఆర్-22 కాదు, ఎక్కువ పరిమితులు కోరే ఎఫ్‌ఆర్-44 అనే ధ్రువపత్రం కావాలి. దానికి లయబిలిటీ పరిమితులు మనిషికి 1,00,000 డాలర్లు, ప్రమాదానికి 3,00,000, ఆస్తి నష్టానికి 50,000 ఉండాలి. వర్జీనియాలోనూ డీయూఐకి ఎఫ్‌ఆర్-44 ఉంది, అక్కడ రాష్ట్ర కనీస పరిమితికి రెట్టింపు కావాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా వంటి కొన్ని రాష్ట్రాలు ఎస్‌ఆర్-22ను వాడవు. అక్కడ ఉండి ఇది కొనమని ఎవరైనా అంటే ఎందుకో అడగండి. వేరే రాష్ట్రంలో పడిన కేసు కోసమైతే అవసరం ఉండొచ్చు.

దీనిలో డబ్బు పోయేది ఒకే ఒక్క చోట: గ్యాప్. వాయిదా తప్పి పాలసీ రద్దయితే, కంపెనీ చట్టప్రకారం ఎస్‌ఆర్-26 అనే నోటీసు రాష్ట్రానికి పంపుతుంది. లైసెన్స్ మళ్లీ సస్పెండ్ అవుతుంది, చాలా రాష్ట్రాల్లో గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు, పునరుద్ధరణ ఫీజు వేరే. రెండేళ్ల పదకొండు నెలలు నిలబెట్టుకుని, క్రెడిట్ కార్డు గడువు తీరి ఒక్క వాయిదా పడకపోవడంతో మొదటికి వచ్చిన పరిస్థితి ఊహించుకోండి. దీనికి మందు ఇదీ:

- ఆటోపే పెట్టేటప్పుడు కార్డుకి కాకుండా బ్యాంకు ఖాతాకి పెట్టండి. కార్డు నంబర్లు మారతాయి, ఖాతా నంబరు మారదు. పైగా కొన్ని కంపెనీలు దీనికి డిస్కౌంట్ ఇస్తాయి.
- వీలుంటే ఆరు నెలల ప్రీమియం ఒకేసారి కట్టండి.
- కంపెనీ మారేటప్పుడు, కొత్త కంపెనీ ఎస్‌ఆర్-22 దాఖలు చేసి, డీఎంవీకి చేరిందని నిర్ధారించుకున్నాకే పాతది రద్దు చేయండి. రెండు పాలసీలు రెండు మూడు రోజులు కలిసి నడిచినా నష్టం లేదు.
- ఇల్లు మారితే చిరునామా కంపెనీకీ డీఎంవీకీ ఇద్దరికీ చెప్పండి. రద్దు నోటీసు పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లడం గ్యాప్‌లకు ప్రధాన కారణం.

వేరే రాష్ట్రానికి ఉద్యోగం మారినంత మాత్రాన బాధ్యత తీరదు. పాత రాష్ట్రం పెట్టిన గడువు పూర్తయ్యేదాకా ఆ రాష్ట్రానికి ధ్రువపత్రం కొనసాగాలి. కొత్త రాష్ట్రంలో పాలసీ తీసుకునేటప్పుడే ‘ఫలానా రాష్ట్రానికి ఎస్‌ఆర్-22 దాఖలు చేయగలరా’ అని అడగాలి.

ఇప్పుడున్న కంపెనీతో ఎలా వ్యవహరించాలి

కంపెనీలు ఎంవీఆర్‌ను సాధారణంగా కొత్త పాలసీకి, రెన్యువల్‌కి తీస్తాయి. కాబట్టి కన్విక్షన్ పడిన మర్నాడే ధర మారదు. పాలసీ మొదలై 60 రోజులు దాటాక మధ్యలో రద్దు చేయడానికి చాలా రాష్ట్రాలు కొన్ని కారణాలనే ఒప్పుకుంటాయి: ప్రీమియం కట్టకపోవడం, మోసం, లైసెన్స్ సస్పెన్షన్ వంటివి. మీ లైసెన్స్ సస్పెండ్ కాలేదంటే రెన్యువల్ దాకా మీకు సమయముంది. ఈ వ్యవధిని వెతుకులాటకు వాడుకోండి.

అడగని విషయం పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పాల్సిన అవసరం మామూలుగా ఉండదు, మీ పాలసీలో ఆ నిబంధన ఉంటే తప్ప. కానీ దరఖాస్తులో ‘గత 5 ఏళ్లలో వయొలేషన్లు ఉన్నాయా’ అని అడిగితే అబద్ధం రాయకూడదు. ఎంవీఆర్ వచ్చాక ధర ఎలాగూ సరిచేస్తారు. అంతకన్నా ప్రమాదం, పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు తప్పుడు సమాచారం ఇచ్చారని పాలసీనే మొదటి నుంచి చెల్లదనవచ్చు. అప్పుడు ఎదుటివాళ్ల ఆసుపత్రి ఖర్చు మీ జేబులోంచే.

ఎస్‌ఆర్-22 అవసరమైతే ముందు ఉన్న కంపెనీనే అడగండి. కొన్ని కంపెనీలు దాఖలు చేయవు. చేసేదైతే, రెన్యువల్ ధర రాతపూర్వకంగా తెప్పించుకుని, మిగతా కొటేషన్లను పోల్చడానికి దాన్ని కొలతగా పెట్టుకోండి. పాత కంపెనీలో ఉన్న ‘లాయల్టీ’, ‘బండిల్’ డిస్కౌంట్ల వల్ల కొన్నిసార్లు అక్కడే ఉండటం చవక.

కొటేషన్లు: ఎవరిని, ఎలా అడగాలి

రెన్యువల్ తేదీకి 30 నుంచి 45 రోజుల ముందు మొదలుపెట్టండి. చివరి వారంలో కొంటే తొందరలో దొరికిందే తీసుకుంటారు, పైగా కొన్ని కంపెనీలు ముందుగా కొన్నవాళ్లకు డిస్కౌంట్ ఇస్తాయి.

ఏజెంట్లలో రెండు రకాలు. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంట్ దగ్గర మీకు ఒకే ధర దొరుకుతుంది. ఇండిపెండెంట్ ఏజెంట్ దగ్గర పదీ పదిహేను కంపెనీలు ఉంటాయి. మేజర్ వయొలేషన్ ఉన్నవాళ్లకు రెండో రకమే మేలు, ఎందుకంటే నాన్-స్టాండర్డ్ కంపెనీల్లో చాలా వరకు ఏజెంట్ల ద్వారానే అమ్ముతాయి. ప్రోగ్రెసివ్, డైరీల్యాండ్, బ్రిస్టల్ వెస్ట్, నేషనల్ జనరల్, ద జనరల్ వంటివి ఇలాంటి రికార్డుల్ని తీసుకునే పేర్లు. ఇద్దరు ఇండిపెండెంట్ ఏజెంట్లను, ఇద్దరు ముగ్గురు నేరుగా అమ్మే కంపెనీలను అడగండి. కొటేషన్ అడిగితే క్రెడిట్ స్కోరు తగ్గుతుందేమోనని భయపడక్కర్లేదు, అది ‘సాఫ్ట్’ విచారణే.

అందరికీ ఒకే సమాచారం ఇవ్వకపోతే పోలికకు అర్థం ఉండదు. ముందే ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి: కారు విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య), ఇంట్లోని అందరు డ్రైవర్ల లైసెన్స్ వివరాలు, వయొలేషన్ తేదీ, కన్విక్షన్ తేదీ, రికార్డులో ఉన్న నేరం పేరు, ఎస్‌ఆర్-22 కావాలా, ఏడాదికి నడిపే మైళ్లు, ప్రస్తుత పాలసీ డిక్లరేషన్స్ పేజీ (కవరేజ్‌ల సారాంశం ఉండే పేజీ). లయబిలిటీ 100/300/100 (మనిషికి, ప్రమాదానికి, ఆస్తి నష్టానికి పరిమితులు, వేల డాలర్లలో), డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరు భరించే మొత్తం) 1,000 అని ఒక ప్రమాణం పెట్టుకుని అందరినీ అదే అడగండి. ఒకరు 100/300కి, ఇంకొకరు 30/60కి చెబితే రెండోది చవకగా కనిపిస్తుంది, నిజానికి అది వేరే వస్తువు.

అడగాల్సిన ప్రశ్నల్లో ఎక్కువ మంది మర్చిపోయేవి: ఈ నేరాన్ని మీరు ఎన్నేళ్ల పాటు లెక్కిస్తారు? లెక్క వయొలేషన్ తేదీ నుంచా, కన్విక్షన్ తేదీ నుంచా? వాయిదా ఫీజు ఎంత? మధ్యలో రద్దు చేసుకుంటే పెనాల్టీ ఉందా? మీ బ్రోకర్ ఫీజు ఎంత, తిరిగి ఇస్తారా? కాలిఫోర్నియాలో బ్రోకర్ ఫీజు ముందే రాతపూర్వకంగా చెప్పాలి, తరచూ తిరిగిరాదు. ఆరు నెలలకొకసారి కంపెనీ మార్చిన ప్రతిసారీ ఆ ఫీజు కడితే మిగిలిందంతా అందులోనే పోతుంది.

నాన్-స్టాండర్డ్ పాలసీలో చిన్న అక్షరాలు తప్పక చదవాలి. కొన్నింటిలో పేరున్న డ్రైవర్లకే కవరేజ్, స్నేహితుడికి తాళం ఇస్తే ఉండదు. కొన్నింటిలో వేరేవాళ్లు నడిపితే పరిమితి రాష్ట్ర కనీసానికి పడిపోతుంది. ధర తక్కువ ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది.

కవరేజ్‌లో ఏది తగ్గించవచ్చు, ఏది కూడదు

లయబిలిటీ తగ్గించకండి. డీయూఐ ఒకసారి పడిన మనిషి చేతిలో మళ్లీ ప్రమాదం జరిగితే ఎదుటి లాయర్ ఆ రికార్డును వదిలిపెట్టడు, మీ జీతం, పొదుపు, ఇల్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. పైగా కనీస పరిమితి నుంచి 100/300కి పెంచడానికి అయ్యే అదనపు ఖర్చు సాధారణంగా మీరు భయపడేంత ఉండదు. ఇన్సూరెన్స్ లేనివాళ్లు మిమ్మల్ని గుద్దితే ఆదుకునే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ కూడా ఉంచుకోండి.

తగ్గించాల్సింది కారుకు సంబంధించిన కవరేజ్: కొలిజన్ (ఢీకొన్న నష్టానికి), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ల వంటి నష్టాలకు). డిడక్టిబుల్ 500 నుంచి 1,000కి పెంచడం తేలికైన మొదటి పని, ఆ వెయ్యి డాలర్లు బ్యాంకులో విడిగా ఉంటేనే. కారు పాతదైతే ఈ లెక్క వేయండి. ఉదాహరణకు కారు విలువ 4,000, డిడక్టిబుల్ 1,000. మొత్తం పోయినా కంపెనీ ఇచ్చేది 3,000. ఈ రెండు కవరేజ్‌లకు ఏడాదికి 1,400 కడుతుంటే, రెండేళ్లు దాటితే మీరు కట్టిందే దాదాపు ఆ మొత్తం. తీసేయడం న్యాయం. అదే కారు విలువ 18,000 అయితే ఉంచుకోవడమే నయం. లోన్ లేదా లీజు ఉంటే తీసేసే హక్కు మీకు లేదు. తీసేస్తే బ్యాంకే తనకు నచ్చిన ఖరీదైన ఇన్సూరెన్స్ వేసి మీ లోన్‌కి కలుపుతుంది. అది బ్యాంకును కాపాడుతుంది, మిమ్మల్ని కాదు.

రెంటల్ కార్, రోడ్‌సైడ్ వంటివి ఇప్పటికే క్రెడిట్ కార్డు ద్వారానో, కారు కంపెనీ ద్వారానో ఉంటే తీసేయండి.

ఇంట్లోవాళ్లు, రూమ్‌మేట్లు

భార్యాభర్తల్లో ఒకరికే వయొలేషన్ ఉంటే, ఇద్దరి ధరా కలిసి పెరుగుతుంది. ఆ ఒక్కరినీ ‘ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్’గా రాయించి పాలసీ తగ్గించుకునే దారి చాలా రాష్ట్రాల్లో ఉంది, కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోవు. ఇది నిజంగా పనికొచ్చేది ఆ మనిషి ఆ కారు అసలు ముట్టుకోనప్పుడే. ‘పాలకి, పిల్లల స్కూలుకి ఒక్కసారే’ అని నడిపినప్పుడు ప్రమాదం జరిగితే కవరేజ్ సున్నా. అత్యవసరం అన్న సాకు పనిచేయదు. ఎస్‌ఆర్-22 అవసరం ఉన్న మనిషినే ఎక్స్‌క్లూడ్ చేస్తే ఆ పాలసీ మీద ధ్రువపత్రమూ రాదు.

రెండు కార్లుంటే, వయొలేషన్ ఉన్నవారిని చవకైన కారుకి ప్రధాన డ్రైవర్‌గా వేయవచ్చా అని అడగండి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఎక్కువ రేటు డ్రైవర్‌ని ఎక్కువ రేటు కారుకే కట్టేస్తాయి. ఈ ఒక్క తేడా వల్లే రెండు కంపెనీల కొటేషన్లు చాలా దూరంగా ఉండొచ్చు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే రూమ్‌మేట్లను కూడా కంపెనీలు ఇంటి సభ్యులుగానే అడుగుతాయి. ఉన్నవాళ్లను ఉన్నట్టు చెప్పి, మీ కారు నడపనివాళ్లను అలా నమోదు చేయించండి.

చిన్నచిన్న తగ్గింపులు, కలిస్తే పెద్దవే

న్యూయార్క్‌లో డీఎంవీ ఆమోదించిన పీఐఆర్‌పీ (పాయింట్లు, ఇన్సూరెన్స్ తగ్గించే డ్రైవింగ్) కోర్సు చేస్తే ప్రధాన డ్రైవర్‌కి లయబిలిటీ, నో-ఫాల్ట్ (తప్పు ఎవరిదైనా గాయాల ఖర్చు ఇచ్చేది), కొలిజన్ బేస్ రేటు మీద 10 శాతం తగ్గింపు 3 ఏళ్ల పాటు చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే. మూడేళ్లకోసారి మళ్లీ చేయవచ్చు. సర్టిఫికెట్ వచ్చాక కంపెనీకి మీరే పంపాలి. వేరే రాష్ట్రాల్లో నిబంధనలు వేరు, కాబట్టి కోర్సు డబ్బు కట్టేముందు ఏజెంట్‌ని అడగండి. కోర్టు ఆదేశించిన కోర్సు ఇన్సూరెన్స్ తగ్గింపుకి చెల్లకపోవచ్చు.

ఫోన్ యాప్‌తో డ్రైవింగ్‌ను కొలిచే ప్రోగ్రాములు ఈ పరిస్థితిలో ఎంతో విలువైనవి, ఎందుకంటే పాత రికార్డుకి ఎదురుగా మీరు పెట్టగలిగిన కొత్త సాక్ష్యం అదొక్కటే. చేరే ముందు ఒక్కటి అడగాలి: స్కోరు బాగాలేకపోతే ధర పెరుగుతుందా? ప్రోగ్రెసివ్ స్నాప్‌షాట్ చాలా రాష్ట్రాల్లో పెంచగలదు. గట్టిగా బ్రేక్ వేయడం, అర్ధరాత్రి దాటాక నడపడం, ఫోన్ చేతిలో పట్టుకోవడం స్కోరు దెబ్బతీస్తాయి. నైట్ షిఫ్ట్ ఉన్నవాళ్లకు ఇది నప్పదు. కాలిఫోర్నియాలో మైళ్లు తప్ప ప్రవర్తన కొలిచి ధర కట్టడానికి అనుమతి లేదు.

ఇంటి నుంచి పని చేస్తుంటే ఏడాది మైళ్లు సరిచేయించండి. దరఖాస్తులో 12,000 అని ఎప్పుడో రాసి అలాగే వదిలేసినవాళ్లు చాలామంది. రెండు ఆయిల్ చేంజ్ రసీదుల మీద ఉండే ఓడోమీటర్ అంకెలు చాలు రుజువుకి. మైళ్లు బాగా తక్కువైతే మైలు లెక్కన కట్టే పాలసీ కూడా అడిగి చూడండి.

క్రెడిట్ స్కోరు మరో పెద్ద మీట. కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్ తప్ప చాలా రాష్ట్రాల్లో కంపెనీలు దాన్ని వాడతాయి. కార్డు బాకీలు తగ్గించి, స్కోరు పెరిగాక ‘నా క్రెడిట్ మళ్లీ చూడండి’ అని రెన్యువల్‌కి ముందు అడగాలి. చాలా కంపెనీలు తమంతట తాము చూడవు. వయొలేషన్ మాయం కాకముందే ధర తగ్గించే కొద్ది మార్గాల్లో ఇదొకటి.

కారు లేకపోతే, ఎవరూ ఇవ్వకపోతే

సస్పెన్షన్ కాలంలో కారు అమ్మేసినా, లైసెన్స్ తిరిగి రావాలంటే ఎస్‌ఆర్-22 కావాలి. దానికి ‘నాన్-ఓనర్’ పాలసీ ఉంది. లయబిలిటీ మాత్రమే కాబట్టి మామూలు పాలసీ కన్నా చాలా చవక. ఇంకో లాభం: ఇన్సూరెన్స్ చరిత్రలో ఖాళీ లేకుండా చూస్తుంది, రేపు కారు కొన్నప్పుడు ధర తగ్గుతుంది. ఇంట్లో ఇంకొకరి కారు మీకు అందుబాటులో ఉంటే మాత్రం ఈ పాలసీకి మీరు అర్హులు కాకపోవచ్చు.

ఎన్ని కంపెనీలు అడిగినా కాదంటే, ప్రతి రాష్ట్రంలో చివరి దారి ఒకటి ఉంటుంది. కాలిఫోర్నియాలో సీఏఏఆర్‌పీ, టెక్సస్‌లో టీఏఐపీఏ వంటి అసైన్డ్ రిస్క్ ప్లాన్లు, మేరీలాండ్‌లో మేరీలాండ్ ఆటో. దరఖాస్తు పెట్టగలరా అని ఏజెంట్‌ని అడగండి. ధర ఎక్కువే ఉంటుంది కాబట్టి, ప్రతి ఆరు నెలలకీ బయటి మార్కెట్‌లో మళ్లీ అడుగుతూనే ఉండాలి.

తేదీల పట్టిక

ఫోన్ క్యాలెండర్‌లో ఈ తేదీలు ఇవాళే వేసుకోండి: ప్రతి రెన్యువల్‌కి 45 రోజుల ముందు, వయొలేషన్‌కీ కన్విక్షన్‌కీ 3 ఏళ్లు నిండే రోజులు, 5 ఏళ్లు నిండే రోజులు, ఎస్‌ఆర్-22 ముగిసే రోజు. సర్‌చార్జ్ గడువు రెన్యువల్ అయిన పది రోజులకు తీరితే, ఆ కంపెనీ దగ్గర మరో ఆరు నెలలు పాత ధరే కడతారు. అలాంటప్పుడు గడువు తీరిన మర్నాడే కొత్త కంపెనీల్ని అడిగి, పాతదాన్ని మధ్యలో రద్దు చేసుకుని మిగిలిన ప్రీమియం వాపసు తీసుకోవచ్చు. రద్దు పెనాల్టీ గురించి ముందు అడిగి ఉంచుకున్న జవాబు ఇక్కడ పనికొస్తుంది.

ఎస్‌ఆర్-22ను తొలగించే ముందు కంపెనీ మాట కాదు, డీఎంవీ మాట తీసుకోండి. గడువు కన్విక్షన్ నుంచా, లైసెన్స్ పునరుద్ధరణ నుంచా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒక నెల ముందే తీసేస్తే మళ్లీ సస్పెన్షన్. ‘ఇక అవసరం లేదు’ అని డీఎంవీ నుంచి రాతపూర్వకంగానో, ఆన్‌లైన్ లైసెన్స్ స్టేటస్‌లోనో చూశాక, కంపెనీకి ఆ కాగితం పంపి తొలగించమని అడగండి. దానంతట అది పోదు. అది తొలగిన రోజునే, ఎస్‌ఆర్-22 దాఖలు చేయని స్టాండర్డ్ కంపెనీలను కూడా మీ జాబితాలో చేర్చి, మొదట రాసి పెట్టుకున్న అదే 100/300/100 ప్రమాణంతో కొత్త కొటేషన్లు అడగండి.